గడపలోంచి వచ్చిన భరిణె

మొన్న ఎన్నికల డ్యూటీలో పోలింగు ముగిసి, ఏజెంట్ల సంతకాలు కూడా అయ్యాక, మాతో ఉన్న కుర్రాడు కొవ్వొత్తి వెలిగించి సీలు లక్క కరిగించడం మొదలుపెట్టాడు. తెల్లవారుజామున లేచిన ప్రాణం, రోజంతా ఓటరు చీటీలు చూసిన కళ్లు. సగం నిద్రలో ఉన్నాను. రెండు చుక్కలు ముడి మీద పడ్డాయో లేదో, ఆ వాసన నన్ను ఆ బడి గదిలోంచి లేపి మా పెరట్లో కూర్చోబెట్టేసింది. "మేడమ్, ఇక్కడ సంతకం" అని రెండుసార్లు పిలిచాడట. మూడోసారికి పలికాను.

సీలు లక్కకీ, మేం కర్ర బొమ్మలకి పట్టించే లక్కకీ తేడా ఉంది. దానికి మంట కావాలి. మాది మంట లేకుండానే కరుగుతుంది. గిర్రున తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడికే వేడెక్కి, మెత్తబడి, కర్రని పట్టుకుంటుంది. వాసనలో మాత్రం రెండూ అక్కాచెల్లెళ్లే. 

*

మాది ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున, ఎస్. రాయవరం మండలం. నేను పుట్టినప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. ఊరి పేరు చెప్పగానే "ఓ, బొమ్మలా!" అంటారు అందరూ. మా ఇంట్లో ఆ మాట వినబడేది కాదు. "పని" అనేవాళ్లు. నాన్న పనిలో కూచున్నాడు, పని దిగింది, పని పోయింది. పని పోయిందంటే ఉద్యోగం పోవడం కాదు, చేతిలో ఉన్న ముక్క పగిలిపోయిందని.

మా పాత తరిమెన, అంటే కర్రని గిర్రున తిప్పి చెక్కే సాధనం, మోటారుది కాదు. రెండు గుంజల మధ్య ఇరుసు, ఇరుసుకి చుట్టిన తాడు, ఆ తాడు రెండు కొసలూ అమ్మ చేతుల్లో. కుడిచెయ్యి లాగితే ఇరుసు ఇటు తిరిగేది, ఎడమచెయ్యి లాగితే అటు. నాన్న నేలమీద కూచుని ఉలి పట్టుకునేవాడు. ఉలి కోసేది కర్ర తన మీదికి తిరిగి వచ్చేటప్పుడే. వెనక్కి తిరిగేటప్పుడు దాన్ని వెంట్రుకవాసి ఎత్తి పట్టాలి. అంటే పనిలో సగం పని, సగం ఊరుకోవడం. దూరంనుంచి వింటే "సర్ర్..." అని ఒకటి, వెనకే చప్పుడు లేని ఖాళీ ఒకటి, మళ్లీ "సర్ర్...". ఆ లయకి ఎంత అలవాటు పడ్డానంటే, చిన్నప్పుడు ఎక్కాలు కూడా దానికే చెప్పేదాన్ని. రెండొకట్ల రెండు, ఖాళీ, రెండు రెళ్లు నాలుగు, ఖాళీ.

సెలవుల్లో తాడు నాకిచ్చేవాళ్లు. గొప్ప కోసం ఎగబడి తీసుకున్నాను గానీ అరగంటకే అరచేతులు మండేవి. లాగే బలం కన్నా సమానంగా లాగడం కష్టం. నా మనసు ఎటో పోతే చెయ్యి నెమ్మదించేది. నాన్న తల కూడా ఎత్తకుండా అనేవాడు:

"ఏటే గుంటా, నిద్రోతన్నావా?"

"లేదు నానా."

"మరి కర్రెందుకు గురకెడతంది?"

నిజంగానే చప్పుడు మారేది. లాగుడు మందగిస్తే ఉలి కొయ్యడం మాని గీరేది, సర్రుమనడం పోయి గరగర వచ్చేది. ఒక్కోసారి నాకేమీ వినబడకుండానే నాన్న చెయ్యెత్తి ఆపమనేవాడు. బొటనవేలు నాలుక మీద తడిచేసుకుని కర్ర మీద ఒకచోట రాసేవాడు. తడి ఆరిపోతుంటే పక్కనంతా తెల్లబడేది, మధ్యలో నల్లటి గీత ఒక్కటి ఉండిపోయేది. పగులులోకి దిగిన తడి అంత తొందరగా ఆరదు. వెంట్రుకంత పగులు. "ఇది పొయ్యిలోకి" అని పక్కన పడేసేవాడు. ఆ గీతని ఆయన ముందు చూసింది కంటితో కాదు, చెవితో. 

*

మా పని అంతా అంకుడు కర్రతో. చుట్టుపక్కల కొండల్లోంచి కట్టలు కట్టి తెచ్చేవాళ్లు. పచ్చికర్ర బెరడు వలిస్తే పాలు కారేవి, వేళ్లు జిగటగా అంటుకుపోయేవి. లోపల కర్ర కొత్త కొబ్బరి ముక్కలా తెల్లగా, మెత్తగా, నారలు తెలియనంత నున్నగా ఉంటుంది. నెలల తరబడి నీడలోనే ఆరాలి. తొందరపడి ఎండలో పెడితే చివర్లు నోళ్లు తెరిచేస్తాయి. చెట్టు మంచిది, నరికిన మోడు మళ్లీ చిగురిస్తుంది. కానీ చిగురు మళ్లీ దుంగ అయ్యేదాకా ఆగే ఓపిక కొండకి ఉన్నంతగా మనుషులకి ఉండదు కదా. నేను కాలేజీకి వచ్చేసరికే "కర్ర దొరకటం లేదు" అన్నమాట ఇంట్లో రోజూ వినబడేది.

లక్క కాచే రోజు మాకు పండగ. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే గూడు అది. ఎక్కడెక్కడినుంచో బస్తాల్లో వచ్చేది. నిప్పుల మీద మెత్తబరిచి, రంగు కలిపి, జీళ్ల పాకం లాగినట్టు సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీసి, రంగు సమానంగా పట్టాక కడ్డీలుగా చేసేవాళ్లు. పచ్చ కడ్డీ, ఎర్ర కడ్డీ, నల్ల కడ్డీ వరసగా ఆరబెడితే పీచుమిఠాయి బండి చూసినట్టు నోరూరేది. ఒకసారి ఉండబట్టలేక కొరికాను. పంటికి అంటుకుని సాయంత్రం దాకా రాలేదు. 

అప్పట్లో రంగులు ప్యాకెట్లలో వచ్చేవి, ఏ రంగు ఏమిటో ఎవరూ అడిగేవాళ్లు కాదు. చెట్లనుంచి రంగులు తీసే విద్యని మా ఊళ్లో మళ్లీ నిలబెట్టింది సి.వి. రాజుగారు. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. పసుపు కొమ్ములు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయ. పసుపూ నీలీ కలిస్తే ఆకుపచ్చ. ఈ గొడవంతా మొదట్లో నాన్నకి నచ్చలేదు. "పసుపు రంగు ఎండకి ఎలిసిపోద్ది" అనేవాడు. అది అబద్ధమూ కాదు, పసుపు వెలుతురుకి ఓర్చుకోదు. తర్వాత మా అక్క కొడుకు పళ్లొచ్చే వయసులో గిలక తీసి నోట్లో పెట్టుకోవడం చూశాడు. ఆ వారం నుంచి ప్యాకెట్టు రంగు ఇంట్లోకి రాలేదు. వాదన లేదు, ప్రకటన లేదు.

అన్నిటికన్నా ఆఖర్న మొగలాకు. రంగు పట్టిన ముక్క తిరుగుతుంటే ఎండు మొగలాకు ముక్కని మడిచి గట్టిగా ఆనించేవాడు. అప్పటిదాకా గరుకుగా, చారలుగా ఉన్న లక్క ఒక్కసారిగా పరుచుకుని అద్దమైపోయేది. ఆకు అంచులకీ వెనక ఈనెకీ ముళ్లుంటాయి, అవి తియ్యడం అమ్మ పని. అమ్మ వేళ్ల మీద ఎప్పుడూ సన్నటి గీతలుండేవి. మొగలిపువ్వు వాసన గురించి అందరూ చెబుతారు. మాకు మొగలి అంటే ఆకే, దాని చప్పుడే. తిరిగే లక్కకి ఆనగానే పిట్టపిల్ల కీచుమన్నట్టు అరిచేది.

*

ఆడపిల్లలున్న ఇళ్లలో లక్కపిడతల బుట్ట ఉండేది ఆ రోజుల్లో. పొయ్యి, గుండిగ, బిందె, చెంబు, రోలు, రోకలి, తిరగలి, గరిటె, అన్నీ బొటనవేలంత. తిరగలి నిజంగా తిరిగేది, రోలులో నిజంగా రెండు మెతుకులు దంచొచ్చు. ఇలాంటివి వందలు చేసిన ఇంట్లో పుట్టి నాకు పూర్తి సెట్టు లేదు. బాగున్నది ప్రతిదీ బుట్టకెక్కి వెళ్లిపోయేది. నాకు మిగిలినవి మూత పట్టని గుండిగ, ఒరిగిపోయే బిందె, పిడి విరిగిన గరిటె. వాటితోనే కాపురం చేశాను. నా స్నేహితురాలు, కోమట్ల ఇంటి పిల్ల, తన మెరిసే సెట్టుతో మా అరుగు మీదికొచ్చి "మీ బిందె తాగినట్టుందే" అని నవ్వేది. అది చేసింది మా నాన్నేనని నేను చెప్పలేదు, తన సెట్టు చేసిందీ మా నాన్నేనని కూడా చెప్పలేదు.

కుంకుమ భరిణె చేస్తే మాత్రం నాన్న అందర్నీ పిలిచేవాడు. మూత నొక్కి పెట్టి, భరిణె మొత్తాన్ని మూత పట్టుకుని ఎత్తాలి, ఊడకూడదు. మెల్లగా తిప్పి లాగితే "పక్" మని రావాలి. ఊడితే వదులు, పక్కుమనకపోతే బిగువు. మూత కూడా అదే కర్ర ముక్కలోంచి కోసినదై ఉండాలి. వేరే ముక్కలోంచి కోస్తే నెల తిరక్కుండా దాని దారి అది చూసుకుంటుంది. కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుదించుకోదు. వలయాల వెంబడి ఎక్కువ, వాటికి అడ్డంగా తక్కువ, కొంచెం అటూ ఇటూగా రెండింతల తేడా. అందుకే పచ్చికర్రతో చేసిన గుండ్రం కోడిగుడ్డవుతుంది. ఇదంతా నేను చాలా ఏళ్ల తర్వాత పుస్తకంలో చదివి నాన్నకి చెబితే, "మరేటి, తాగిన బిందె అందుకే తాగింది" అన్నాడు. అరుగు మీద మాటలు లోపలికి వినబడేవన్నమాట!

*

తర్వాత మోటారు వచ్చింది. చప్పుడులో ఖాళీ పోయింది. సర్రుమనడం ఆగకుండా ఒకటే మోత. ఉలి ఎత్తక్కర్లేదు, రోజుకి అంతకు ముందుకన్నా ఎన్నో రెట్లు పని దిగేది. ఊళ్లో సాయంత్రాలు తుమ్మెదలు ముసిరినట్టుండేవి. 

తాడు పోయిందని నేను ఇప్పుడిలా కన్నీళ్లతో రాస్తున్నాను గానీ, లాగినావిడ ఏనాడూ బెంగపడలేదు. మోటారు బిగించిన రోజు అమ్మ ఆ తాడు తీసుకెళ్లి గేదెని కట్టేసింది. "ఇన్నాళ్లూ నన్ను కట్టేసింది, ఇక దీన్ని కట్టెయ్యనీ" అంది. ఆవిడ భుజాల నొప్పి మాత్రం మోటారుతో పోలేదు, చివరిదాకా ఉంది. పాతరోజుల గురించి మాట్లాడినప్పుడల్లా నాకు ఆ గేదె గుర్తొచ్చి కొంచెం నోరు అదుపులో పెట్టుకుంటాను.

*

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. విశాఖలో చెట్లు పడిపోయిన ఫొటోలు అందరూ చూశారు. మా ఇంటి మీద పడింది పక్కింటివాళ్ల చెట్టు. పెంకులు, వాసాలు, ఒక పక్క గోడ. అప్పటికే కాలం చెల్లిన ఇల్లు, ఇంక బాగుచేయించడం దండగని పడగొట్టించేశాం. పాత కలప కొనే ఆయన వచ్చి తాటి దూలాలు, టేకు తలుపులు చూసి లెక్క కట్టాడు. వీధి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మా చిన్నాన్న అడ్డం నిలబడ్డాడు.

"ఇది లెక్కలో లేదు బాబూ."

"ఏం చేస్తారండీ దాన్ని?"

"పని."

గడప ఏగిస కర్ర. తాతగారి నాటిది. ఏగిస చెట్టుకి గాటు పెడితే నెత్తురులాంటి జిగురు కారుతుంది, కర్ర రాయిలా ఉంటుంది. అంకుడు కర్ర మీద బతికిన ఉలితో దాన్ని తరిమెన పడతానంటే ఊళ్లో నవ్వారు. చిన్నాన్న గడపని గొడ్ల సావిట్లో దాదాపు ఏడాది ఉంచాడు. "ఎనభై ఏళ్లు ఆరింది కదా, ఇంకా ఏం ఆరాలి?" అన్నాను. "ఇన్నాళ్లూ గోడ మధ్య ఇరుక్కునుంది. వదిలేక ఎటు తిరుగుద్దో చూడాల" అన్నాడు. కొంచెం తిరిగింది కూడా, ఒక కొస అంగుళంలో ఎనిమిదో వంతు లేచింది. 

ఆ పని చూడ్డానికి సెలవు పెట్టి వెళ్లాను. ముందు మేకులు వెతకాలి. పాడైపోయిన స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దారానికి కట్టి గడప పొడవునా వేలాడదీసుకుంటూ పోయాడు. అది ఎక్కడ వంకర తిరిగితే అక్కడ సుద్దముక్కతో గుర్తు. పదకొండు మేకులు. కొన్నిటికి తలలే లేవు. మేకు ఊడదీసిన చోట కర్ర నల్లగా, సిరా పోసినట్టు ఉంది. ఇనుమూ వగరు కర్రా కలిస్తే అంతే, వందేళ్లయినా ఆ మచ్చ పోదు. 

గడప మీద పసుపు పొరలు పొరలుగా గట్టిపడి పెచ్చులా ఉంది. శుక్రవారం శుక్రవారం నానమ్మ, తర్వాత అమ్మ రాసింది. చిన్నాన్న బాడిశతో ఆ పెచ్చు తియ్యబోయి ఆగి నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. తీశాడు. కింద కర్ర లేత రంగులో కాదు, తేనె రంగులో ఉంది. కన్నాల్లోకి మాత్రం పసుపు దిగి సన్నటి చుక్కలుగా మిగిలింది.

గడప మందం నాలుగంగుళాలే, అందుకని పెద్ద పాత్రలకి రాదు. నాలుగు భరిణెలన్నాడు, తోడబుట్టినవాళ్లం నలుగురం కాబట్టి. మొదటి ముక్క బిగించి మోటారు వెయ్యగానే చప్పుడు నాకు కొత్తగా అనిపించింది. అంకుడు కర్ర సర్రుమంటుంది. ఇది గంట కొట్టాక మిగిలే హోరులా మూలిగింది. అంకుడు నుంచి పొడవాటి రిబ్బన్లు వస్తాయి, దీన్నుంచి పొడి, గవ్వల్లాంటి చిన్న పొట్టులు. అయిదు నిమిషాలకోసారి ఉలిని సానరాయి మీద పెట్టాల్సి వచ్చింది. రెండో ముక్కలో పన్నెండో మేకు దొరికింది, అయస్కాంతానికి అందనంత లోతున. టంగుమంది, ఉలి అంచు ఎగిరిపోయింది, ముక్క వెళ్లి గోడకి కొట్టుకుని రెండుగా చీలింది. చిన్నాన్న ఆ మేకుని పట్టకారుతో లాగి జేబులో వేసుకున్నాడు. నలుగురిలో ఒకరికి భరిణె తగ్గింది. తనకి వద్దని మా తమ్ముడన్నాడు, వాడికి కుంకుమతో పనేముంది!

సానరాయి పక్కన స్టీలు బేసినులో నీళ్లున్నాయి. పొట్టు ఎగిరి అందులో పడుతోంది. మధ్యాహ్నం ఎండ పెంకు సందులోంచి బేసిను మీద పడేసరికి చూద్దును కదా, నీళ్లు టీ డికాక్షను రంగుకి తిరిగాయి, అంచుల్లో మాత్రం నీలంగా వెలుగుతున్నాయి. నీలిమందు నీలమూ కాదు, ఆకాశ నీలమూ కాదు. బేసిను పక్కకి జరిపితే పోయింది, ఎండలోకి జరిపితే వచ్చింది. ఏగిస గుణం అది. సూర్యకాంతిలో కంటికి కనబడని భాగాన్ని తీసుకుని నీలంగా తిరిగిచ్చే పదార్థం ఆ కర్రలో ఉంది. షుగరుకి మంచిదంటూ ఎగ్జిబిషన్లలో ఆ చెక్క గ్లాసులు అమ్ముతుంటారు. నాకు మాత్రం అది సైన్సు పాఠమైపోయింది. ఆ పొట్టు గుప్పెడు పొట్లం కట్టి తెచ్చుకున్నాను. ఏటా ఏడో తరగతి పిల్లలకి గాజు గ్లాసులో వేసి కిటికీ దగ్గర పెట్టి చూపిస్తాను. మా గడప అని చెప్పను.

*

నాన్నకి అప్పటికి చెవులు పూర్తిగా పోయాయి. పక్కన మంచం మీద కూచుని చూస్తున్నాడు. మూడో ముక్క సగంలో ఉండగా లేచొచ్చి, తరిమెన గుంజ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చిన్నాన్న వద్దని సైగ చేశాడు, దుమ్ము పడుతోందని. నాన్న కదల్లేదు. కాసేపుండి, చెవిటివాళ్లు మాట్లాడే ఆ పెద్ద గొంతుతో,

"గూట్లో ముక్క కదులుతందిరా" అన్నాడు.

చిన్నాన్నకి ఏమీ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఆపి చూస్తే నిజమే, ముక్కని బిగించిన గూడు కాస్త వదులైంది. ఇంకో నిమిషం నడిపితే అదీ గోడకి వెళ్లేది. గుడ్డపేలిక దూర్చి సుత్తితో మళ్లీ దిగ్గొట్టాడు. నాన్న అరచెయ్యి పెట్టి చూసి, తలూపి, వెళ్లి పడుకున్నాడు. 

నాకొచ్చింది ఆ మూడో ముక్క. రంగు వెయ్యలేదు చిన్నాన్న. రంగు లేని లక్క పలచగా పట్టించి, మొగలాకు వేశాడంతే. మూత మీద వలయాలు పూర్తి గుండ్రంగా లేవు, ఒక పక్కనుంచి విల్లులా వంగి వెళ్లిపోతాయి. చెట్టు గుండె మా గడపలో లేదు, ఎవరి దూలంలోకి పోయిందో. పక్కన మేకు మచ్చ ఒకటి, కాటుక చుక్కలా. దాన్ని పూడుస్తానంటే వద్దన్నాను. మూత కింద అంచున రెండు పసుపు చుక్కలు.

ఆ తర్వాత రెండేళ్లకి నాన్న పోయాడు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద మా ఊరి బొమ్మలు ఊరేగాయి. టీవీలో ఆ శకటం వెళ్తున్నంత సేపూ చిన్నాన్న ఒక్క మాటే అన్నాడు: "అంత పెద్దది ఏ తరిమెన మీద పట్టారో."

*

ఎండల్లో మొదలుపెట్టిన ఈ రాత వానల్లోకి వచ్చింది. నాలుగు రోజులుగా ఆగకుండా ముసురు. నిన్న భరిణె మూత రాలేదు. తిప్పాను, లాగాను, మా వారికిచ్చాను. కదల్లేదు. ఎంత ఆరిన కర్రయినా గాలిలో తేమ తాగకుండా ఉండదు. ఆ వీధి గుమ్మం కూడా అంతే, వానాకాలం వస్తే తలుపు పట్టేసేది. బడికి టైమవుతోందని నేను గోలపెడుతుంటే నాన్న వచ్చి భుజంతో ఒక్కటిచ్చేవాడు.

చిన్నాన్నకి ఫోను చేశాను. 

"సుత్తి గట్రా తియ్యకే" అన్నాడు ముందే. "ఎండలో కూడా ఎట్టకు, పగుల్తాది. బియ్యం డబ్బాలో పాతిపెట్టు, రెండ్రోజులు."

పెట్టాను. ఇవాళ పొద్దున్న అన్నానికి బియ్యం తీస్తుంటే చేతికి తగిలింది. తీసి ఒకసారి తిప్పి చూశాను. ఇంకా రావడం లేదు. మళ్లీ బియ్యంలోకి తోసేసి, మూడు గ్లాసులు కొలుచుకున్నాను.